ఇంట్లో కునెఫె: ఏ చీజ్, ఏ పోగులు, ఏ మంట?

కునెఫె అనే టర్కీ చీజ్ తీపికి కావలసినవి నాలుగే: సన్నని మైదా పోగులు, ఉప్పు లేని చీజ్, వెన్న, చక్కెర పాకం. పైన చల్లే పిస్తా పొడి, పక్కన పెట్టే మీగడ ముద్ద అలంకారాలు. సామాను ఇంత తక్కువగా ఉన్న వంటకంలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే లోపాన్ని కప్పిపుచ్చడానికి అందులో మసాలా ఏమీ ఉండదు. మన ఊళ్లలో ఈ నాలుగింటిలో వెన్నకీ పాకానికీ లోటు లేదు. సరైన పోగులు, సరైన చీజ్ మాత్రం వెతుక్కోవాలి. దొరకనప్పుడు పనీరు, వేయించిన సేమియా వాడమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేసిన తీపి తినడానికి బాగానే ఉండవచ్చు, కానీ టర్కీలోని అంతాక్యా వీధుల్లో వేడివేడిగా పళ్లెంలో పెట్టే ఆ వంటకానికీ దానికీ పోలిక చాలా తక్కువ.

నా సలహా ముందే చెబుతాను. చీజ్ దగ్గర రాజీ పడవద్దు. పోగుల దగ్గర కొంత రాజీ పడవచ్చు. పాత్ర, పొయ్యి, నెయ్యి వంటివన్నీ ఇంట్లో ఉన్నవాటితోనే సరిపెట్టుకోవచ్చు. డబ్బు, సమయం ఖర్చు పెట్టేటప్పుడు కూడా ఈ వరుసే పాటించండి.

ముందు ఏ తరహా చేయాలో తేల్చుకోండి

టర్కీలో కునెఫె అంటే హతాయ్ రాష్ట్రం, దాని ముఖ్యపట్టణం అంతాక్యా. సిరియా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం 1939లో టర్కీలో కలిసింది. అక్కడి వంటల్లో అరబ్బు శైలి, టర్కీ శైలి రెండూ కనిపిస్తాయి. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపాల్లో అంతాక్యా పాత నగరం చాలావరకు నేలమట్టమైంది. ఆ ఊరి తీపిని ఇంట్లో చేసుకునేవాళ్లు ఆ ఊరి పద్ధతిని కాస్త శ్రద్ధగా పాటించాలని నేను కోరుకోవడానికి అది కూడా ఒక కారణం.

అంతాక్యా పద్ధతిలో కింద ఒక పొర పోగులు, మధ్యలో చీజ్, పైన మరో పొర పోగులు పరుస్తారు. పళ్లాన్ని నిప్పుల మీద తిప్పుతూ ఒక వైపు కాల్చి, బోర్లించి రెండో వైపు కూడా కాలుస్తారు. రెండు వైపులా కరకర, మధ్యలో సాగే చీజ్, తీపి ఒక మోస్తరు. పాలస్తీనాలోని నాబ్లుస్ పద్ధతి వేరు. అక్కడ పెద్ద పళ్లెంలో ఒకటే పొర పోగులు పరిచి, దాని మీద చీజ్ వేసి, కింది పొర కాలాక మొత్తాన్ని బోర్లిస్తారు. కాలిన పొర నారింజ రంగుతో పైకి వస్తుంది, చీజ్ అడుగున ఉంటుంది. అందులోనూ పోగులు పోగులుగా ఉండేది ఒకటి, రవ్వలా మెత్తగా ఉండేది మరొకటి. చీజ్ బదులు పాలమీగడ నింపి చేసే రకం ఇంకొకటి ఉంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో టోలీచౌకీ, బార్కాస్ వైపు రంజాన్ రోజుల్లో తిరిగినవాళ్లు కునాఫా పేరుతో వీటిలో ఏదో ఒకటి రుచి చూసే ఉంటారు.

మీకు సాగే చీజ్, రెండు వైపులా కరకర కావాలంటే అంతాక్యా తరహా చేయండి. పదిమందికి ఒకేసారి పెట్టాలన్నా, పళ్లెం బోర్లించి మళ్లీ కాల్చడానికి ధైర్యం చాలకపోయినా నాబ్లుస్ తరహాలో ఒకటే పొర వేయండి. దానికి పోగులు కూడా దాదాపు సగమే పడతాయి. అవి దొరకడం కష్టమైన చోట ఇది చిన్న లాభమేమీ కాదు. మీగడ రకం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. పిల్లలకు నచ్చుతుంది, చేయడం తేలిక, కానీ సాగే గుణం ఉండదు. చీజ్ అసలే దొరకని ఊళ్లో మాత్రం పనీరుతో కుస్తీ పట్టడం కంటే ఆ మీగడ రకమే చేయడం మేలు.

చీజ్: అసలు పరీక్ష ఇక్కడే

హతాయ్‌లో కునెఫె కోసమే ఒక చీజ్ తయారు చేస్తారు. తాజాగా, ఉప్పు లేకుండా, తెల్లగా ఉంటుంది. వేడి తగిలితే కరిగి దారాలుగా సాగుతుంది. ఉప్పు లేకపోవడం వల్ల ఎక్కువ రోజులు నిలవ ఉండదు, అందుకే అది మన దాకా రావడం అరుదు. దాని బదులు వాడే దేనికైనా రెండు గుణాలు ఉండాలి: ఉప్పు ఉండకూడదు, వేడికి కరిగి సాగాలి. ఈ రెండింటినీ మనసులో పెట్టుకుని దుకాణానికి వెళ్తే అక్కడ కనిపించే సగం ప్యాకెట్లను చేతిలోకి తీసుకోకుండానే వదిలేయవచ్చు.

పనీరు ఎందుకు పనికిరాదో ముందు చెప్పాలి, ఎందుకంటే చేయి మొదట దాని వైపే వెళ్తుంది. పనీరు చేసేటప్పుడు పాలను మరిగే దాకా కాచి, నిమ్మరసమో వెనిగరో వేసి విరగ్గొడతాం. ఆ వేడికి మామూలుగా విరుగుడు నీటిలో ఉండిపోయే ప్రోటీన్లు కూడా పాలలోని ముఖ్య ప్రోటీన్ అయిన కేసిన్‌కు అతుక్కుంటాయి. ఆ పులుపుకు, కేసిన్‌ను కలిపి ఉంచే కాల్షియం చాలావరకు కరిగి నీటిలోకి పోతుంది. ఫలితంగా పనీరును ఎంత వేడి చేసినా ముక్క ముక్కగానే ఉంటుంది. కూరలో అదే దాని గొప్పతనం. కునెఫెలో మాత్రం అది పోగుల మధ్య పొడిపొడిగా ఉండిపోతుంది, పాకాన్ని పీల్చుకుని రసగుల్లాను తలపిస్తుంది. చీజ్‌లో కలిపి పరిమాణం పెంచుదామని కొందరు పావు వంతు పనీరు తురుము వేస్తారు. ఆ పావు వంతు కూడా నోటికి ఇసుకలా తగులుతుంది. నేనైతే వేయను.

మోజరెల్లా సంగతి వేరు. గోరువెచ్చని పాలను, గడ్డకట్టించే రెన్నెట్ అనే ఎంజైమ్‌తో తోడుపెట్టినట్టు గట్టిపరచి, తగినంత పులిశాక వేడి నీటిలో సాగదీసి చేస్తారు. కాల్షియం కావలసినంత మిగలడం వల్ల వేడికి కరిగి దారాలుగా సాగుతుంది. శాకాహారులు రెన్నెట్ గురించి సందేహపడుతుంటారు. మన దేశంలో అమ్మే మోజరెల్లా ప్యాకెట్లలో చాలావాటి మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, అంటే జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడలేదన్నమాట. కొనేముందు ఆ చుక్క చూసుకుంటే చాలు.

మోజరెల్లాలోనూ ఎంచుకోవాల్సింది ఉంది. పిజ్జాకు వాడే గట్టి దిమ్మ ఒకటి, నీటిలో తేలుతూ వచ్చే తాజా ఉండలు ఒకటి. గట్టి దిమ్మలో తేమ తక్కువ, అమెరికా ప్రమాణాల ప్రకారం 45 నుంచి 52 శాతం. మామూలు మోజరెల్లాలో అది 52 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. దిమ్మ బాగా సాగుతుంది, పోగులను తడపదు, చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది. దానిలో కొద్దిగా ఉప్పు ఉంటుంది, పాల రుచి కాస్త తక్కువ. ఉప్పు తగ్గించాలంటే అర సెంటీమీటరు మందం ముక్కలు కోసి, చల్లని నీటిలో గంటా రెండు గంటలు ఉంచి, బట్టతో బాగా అద్దండి. తాజా ఉండలకు ఉప్పు దాదాపు ఉండదు, పాల కమ్మదనం నిండుగా ఉంటుంది, రుచిలో హతాయ్ చీజ్‌కు బాగా దగ్గర. వాటితో ఇబ్బంది నీరు. చేత్తో చింపి, పలుచని బట్టలో మూటగట్టి, బరువు పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఆశ్చర్యపడేంత నీరు దిగుతుంది. ఇది చేయకుండా నేరుగా వేస్తే అడుగు పొర తడిసిపోయి ఎంతసేపు కాల్చినా కరకరలాడదు.

రెండూ దొరికే చోట నా ఎంపిక సగం సగం: సాగడానికి దిమ్మ, రుచికి తాజా ఉండలు. ఒకటే కొనగలిగితే దిమ్మే కొనండి.

తురిమి అమ్మే ప్యాకెట్లు వద్దు. తురుము అతుక్కోకుండా పిండిపదార్థం చల్లుతారు, దానివల్ల కరగడం మందగిస్తుంది. పిజ్జా చీజ్ పేరుతో వచ్చేవాటి వెనక ఉన్న చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. చెడ్డార్ కలిపి ఉంటే ఉప్పు, పులుపు రెండూ ఎక్కువ. పామాయిలో మరేదైనా వంటనూనో కనిపిస్తే అది పాల చీజే కాదు. చతురస్రపు ముక్కలుగా, పలుచని రేకులుగా వచ్చే ప్రాసెస్డ్ చీజ్ గురించి ఒకటే మాట: అది కరిగితే సాస్ అవుతుంది, సాగదు, పైగా ఉప్పగా ఉంటుంది.

గల్ఫ్‌లోనో, అరబ్బు దుకాణాలున్న అమెరికా, యూరప్ నగరాల్లోనో ఉన్న తెలుగువాళ్లకు ఇంకా మంచి అవకాశం ఉంది. నాబుల్సీ, అక్కావీ అనే రెండు చీజ్‌లు అక్కడ దొరుకుతాయి. చెక్ రిపబ్లిక్‌లో తయారైన అక్కావీ కూడా విరివిగా కనిపిస్తుంది. రెండూ ఉప్పునీటిలో నిలవ చేసినవే, కాబట్టి ఉప్పు తీయకుండా వాడితే వంటకం మొత్తం పాడవుతుంది. సెంటీమీటరు మందం ముక్కలు కోసి చల్లని నీటిలో వేసి, రెండు మూడు గంటలకొకసారి నీరు మారుస్తూ ఆరు గంటల నుంచి రాత్రంతా ఉంచండి. పచ్చి ముక్క కొరికి చూసినప్పుడు పాల రుచి తప్ప ఉప్పు తెలియకూడదు. అప్పటిదాకా ఆగండి, గడియారాన్ని నమ్మవద్దు. నాబుల్సీలో మహ్లబ్ అనే ఒక రకం చెర్రీ గింజల పొడి, మస్తకీ అనే చెట్టు బంక వేస్తారు. ఆ సువాసన నాబ్లుస్ తరహాకు అందం, అంతాక్యా తరహాలో మాత్రం అది కొత్తగా అనిపిస్తుంది. సాగడంలో అక్కావీ కంపెనీని బట్టి మారుతుంది, అందుకని మూడో వంతు మోజరెల్లా కలిపితే భరోసాగా ఉంటుంది. టర్కీ దుకాణం దగ్గర్లో ఉంటే దిల్ పెయినిరి అని అడగండి. పొరలు పొరలుగా ఊడివచ్చే ఆ చీజ్‌ను టర్కీలోనే చాలా ఇళ్లలో కునెఫెకు వాడతారు. ఇక కునెఫె కోసమే ప్యాక్ చేసిన ఉప్పులేని చీజ్ కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా తీసుకోండి.

మోజరెల్లాలో రికోటా అనే మెత్తని ఇటలీ చీజ్ కలిపే పద్ధతి పాశ్చాత్య వంటల్లో తరచుగా కనిపిస్తుంది. మెత్తదనం వస్తుంది, నిజమే. కానీ రికోటా కూడా పనీరులాగే కరగని జాతి, నీరు కూడా ఎక్కువ. అది ఉన్నమేరకు సాగే గుణం తగ్గుతుంది.

పోగులు

టర్కీలో వీటిని కదాయిఫ్ అంటారు. మైదాను నీళ్లతో పలుచగా కలిపి, సన్నని రంధ్రాల గుండా, తిరుగుతున్న పెద్ద వేడి పళ్లెం మీదికి ధారగా వదులుతారు. క్షణాల్లో ఆరిన పోగులను మెత్తగా, తెల్లగా ఉండగానే తీసేస్తారు. అంటే అవి ఒకసారి ఉడికినవే, వాటిలో ఇంకా తేమ ఉంటుంది. వెన్న పట్టించి నొక్కితే ఒకదానికొకటి అల్లుకుని రొట్టెలా నిలబడేది ఆ తేమ వల్లనే. ప్రత్యామ్నాయాలను తూచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే కదాయిఫ్ దొరికితే అదే వాడండి. పెద్ద నగరాల్లో దిగుమతి సరుకుల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గ్రీకు కంపెనీల ప్యాకెట్ల మీద కటాయిఫి అని ఉంటుంది, రెండూ ఒకటే. ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చి నెమ్మదిగా కరగనివ్వండి. మైక్రోవేవ్‌లో పెడితే కొన్నిచోట్ల ఉడికిపోయి ముద్దకడుతుంది. ప్యాకెట్ విప్పాక గాలికి వదిలేస్తే కొద్ది నిమిషాల్లోనే పెళుసుబారుతుంది, కాబట్టి తడి బట్ట కప్పి ఉంచండి. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, కరిగించిన వెన్న పోసి, ప్రతి పోగుకూ అంటేలా వేళ్లతో పిసకండి. ఈ పనిలో తొందరపడితే వెన్న అంటని పోగులు తెల్లగా, పిండి రుచితో మిగిలిపోతాయి.

ఈమధ్య పిస్తా నింపిన దుబాయ్ చాక్లెట్‌కు ఆదరణ పెరిగాక, ముందే వేయించిన కదాయిఫ్ కూడా అమ్మకానికి వస్తోంది. పేరు చూసి పొరపాటున కొనవద్దు. వేయించడంతో తేమ పోయింది కాబట్టి ఎంత నొక్కినా అల్లుకోదు, బోర్లించేటప్పుడు విడిపోతుంది. అది చాక్లెట్‌కే బాగుంటుంది.

ఇంట్లోనే పోగులు చేసుకోవడం కుదిరే పనే. 100 గ్రాముల మైదా, 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నూనె వేసి, సుమారు 170 మిల్లీలీటర్ల నీటితో పలుచగా కలిపి వడగట్టండి. సన్నని రంధ్రం ఉన్న సాస్ సీసాలో పోసి, సన్నని సెగ మీద గోరువెచ్చగా ఉన్న నాన్‌స్టిక్ పెనం మీద తీగల్లా తిప్పండి. రంగు మారకముందే, అంచులు లేవగానే తీసి బట్ట కింద పెట్టండి. పెనం ఎక్కువ వేడెక్కితే పోగులు గట్టిపడతాయి. అంగట్లో దొరికేవాటి కంటే ఇవి కాస్త లావుగా వస్తాయి, కాస్త నమిలేలా ఉంటాయి, అయినా సేమియా కంటే ఎన్నో రెట్లు మేలు. ఒక పళ్లానికి సరిపడా చేయడానికి గంట పైనే పడుతుంది. ఓపిక, తీరిక రెండూ ఉన్న ఆదివారానికి ఇది సరైన పని. అతిథులు రాబోతున్న సాయంత్రం మొదలుపెట్టవద్దు.

ఇక సేమియా. ఇది ఎండబెట్టిన పచ్చి పిండి. దానికి ఉడకడానికి నీరు కావాలి. వెన్నలోనో నెయ్యిలోనో వేయించినంత మాత్రాన రంగు వస్తుంది తప్ప లోపల గట్టిగానే ఉంటుంది, అందుకే పంటికి గుచ్చుకుంటుంది. సేమియా తప్ప వేరే దారి లేకపోతే, దొరికినంత సన్నది తెచ్చి, నెయ్యిలో దోరగా వేయించి, 200 గ్రాములకు సుమారు 150 మిల్లీలీటర్ల వేడి పాలు కొద్దికొద్దిగా చిలకరించి, మూతపెట్టి మెత్తబడనివ్వండి. ఆ తర్వాతే పళ్లెంలో పరచి నొక్కండి. చీజ్ మంచిదైతే ఇది కూడా ఇష్టంగా తినదగ్గ తీపే.

సేమియా కంటే మెరుగైనది రంజాన్ నెలలో హైదరాబాద్ దుకాణాల్లో కుప్పలుగా కనిపించే ఫేణీ. వెంట్రుకలంత సన్నని పోగులు, ముందే నూనెలోనో నెయ్యిలోనో వేగినవి. చక్కెర కలపనిది తీసుకుని, చేత్తో నలిపి, రెండు మూడు చెంచాల పాలు చిలకరించి మెత్తబరచి వాడవచ్చు. ఇప్పటికే కొవ్వు పట్టి ఉంటుంది కాబట్టి వెన్న సగానికి తగ్గించండి. రంగు కూడా వచ్చేసి ఉంటుంది, అందుకని మంట బాగా సన్నగా ఉండాలి.

వెన్నా, నెయ్యా?

వెన్నలో 80 శాతం దాకా కొవ్వు ఉంటుంది, మిగిలింది నీరు, కొంచెం పాల పదార్థం. ఆ పాల పదార్థమే త్వరగా మాడి నల్ల చుక్కలు పడేది. నెయ్యిలో ఆ రెండూ ఉండవు కాబట్టి పోగులు సమంగా వేగి ఎక్కువ కరకరలాడతాయి. అలాగని బాగా ఎర్రగా కాచిన ఘాటైన నెయ్యి వేస్తే వంటకమంతా నేతి మిఠాయిలా వాసన వేస్తుంది, చీజ్ రుచి వెనక్కి వెళ్తుంది. తాజా వెన్నను కరిగించి, నీరు ఆవిరై చిటపటలు ఆగగానే దించి వడగట్టిన లేత నెయ్యి నా దృష్టిలో అన్నిటికంటే మంచిది. వెన్నే వాడాలనుకుంటే ఉప్పు లేనిది చూసుకోండి. రొట్టెకు రాసుకునే వెన్నల్లో ఉప్పు ఉంటుంది.

రంగు కోసం అడుగున పళ్లానికి రాసే వెన్నలో కొద్దిగా ద్రాక్ష పాకం కలిపే అలవాటు టర్కీలో ఉంది. మన దగ్గర ఖర్జూర పాకం పావు చెంచా కలిపితే అదే పని చేస్తుంది. నారింజ రంగు పొడి వద్దు. ఓపికగా కాలిస్తే వచ్చే బంగారు రంగే చూడముచ్చటగా ఉంటుంది.

పొయ్యి మీదా, ఓవెన్‌లోనా?

టర్కీలో వాడేవి అంచు తక్కువగా ఉండే పలుచని చిన్న పళ్లేలు. మనింట్లో అలాంటి అల్యూమినియం పళ్లెం ఉంటే మంచిదే. లేకపోతే 20 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పెనం మొదటిసారి చేసేవారికి చాలా నమ్మకమైనది, అంటుకోదు, జారి వస్తుంది. ఇనుప పెనం వేడిని బాగా పట్టి ఉంచుతుంది, రంగు అద్భుతంగా వస్తుంది, కానీ మంట ఆపాక కూడా కాలుతూనే ఉంటుంది, కనిపెట్టుకుని ఉండాలి.

ఆ కొలతకు 200 గ్రాముల పోగులు, 80 గ్రాముల వెన్న, 200 గ్రాముల చీజ్ సరిపోతాయి. ముగ్గురు నలుగురు తినవచ్చు. సగం కంటే కొంచెం ఎక్కువ పోగులు అడుగున పరిచి, అడుగు చదునుగా ఉన్న గిన్నెతో గట్టిగా నొక్కండి. అంచు నుంచి సెంటీమీటరు వదిలి చీజ్ పరవండి. చీజ్ అంచు దాకా వెళ్తే కరిగి పెనానికి అంటుకుని మాడుతుంది. మిగిలిన పోగులు కప్పి మళ్లీ నొక్కండి. చీజ్‌ను అరగంట ముందే ఫ్రిజ్ నుంచి తీసి పెట్టుకోవాలి, లేకపోతే అడుగు రంగు తిరిగేసరికి కూడా మధ్యలో కరగదు.

పొయ్యి మీద సన్నని సెగన ఎనిమిది పది నిమిషాలు, పెనాన్ని తరచూ తిప్పుతూ ఉంచండి. అంచు దగ్గర పోగులు బంగారు రంగుకు వచ్చి, పెనం ఊపితే మొత్తం ఒకే చక్రంలా కదిలితే బోర్లించే సమయం వచ్చిందన్నమాట. వెన్న రాసిన పళ్లెం మూతలా పెట్టి, ఒక్క ఊపున తిప్పి, మళ్లీ పెనంలోకి జార్చండి. రెండో వైపుకు ఐదారు నిమిషాలు చాలు.

ఓవెన్‌లో అయితే 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. కదిలించే పని లేదు, పెద్ద పళ్లెం చేయవచ్చు, అన్ని వైపులా ఒకేలా కాలుతుంది. కానీ అంతసేపు వేడిలో ఉండటం వల్ల చీజ్‌లోని నీరు ఎక్కువగా పోయి కాస్త గట్టిపడుతుంది. ఇద్దరు ముగ్గురికైతే పొయ్యి మీదే చేయండి. ఎనిమిది మంది దాటితే ఓవెన్ తప్పదు. ఉత్త మైక్రోవేవ్‌తో మాత్రం ఇది కాదు, పోగులు కాలవు.

పాకం

ఇక్కడ మన చేతులకు అలవాటైన పనే. 200 గ్రాముల చక్కెర, 200 మిల్లీలీటర్ల నీరు, మరుగు పట్టాక సన్న సెగన పది నిమిషాలు, చివర్లో అర చెంచా నిమ్మరసం. వేళ్ల మధ్య జిగురుగా తగలాలి కానీ తీగ రాకూడదు. తీగపాకం పోస్తే పోగుల మీద చక్కెర పెచ్చులా గడ్డకడుతుంది. మరీ నీళ్లగా ఉంటే పోగులు నాని కరకర పోతుంది. నిమ్మరసం చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొట్టి, పాకం గడ్డకట్టకుండా చూస్తుంది.

ఏలకులు వేయాలని చేయి లాగుతుంది. వద్దు, వాటి ఘాటు ముందు ఉప్పులేని చీజ్ రుచి నిలవదు. అంతాక్యా పాకంలో చక్కెర, నీరు, నిమ్మ తప్ప మరొకటి ఉండదు. నాబ్లుస్ తరహాకైతే కొన్ని చుక్కల నారింజ పువ్వు నీరో గులాబీ నీరో వేసుకోవచ్చు. బెల్లం పాకం ఇక్కడ నప్పదని నా గట్టి అభిప్రాయం, దాని రుచి మిగతా అన్నిటినీ కప్పేస్తుంది.

కునెఫె పొయ్యి మీద నుంచి దిగిన క్షణాన పాకం చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. రెండూ వేడిగా ఉంటే పోగులు మెత్తబడతాయి. పైన చెప్పిన కొలతకు 150 మిల్లీలీటర్లు పోసి, మిగిలింది పక్కన పెట్టండి. తీపి ఎక్కువ కావాలనుకున్నవాళ్లు పోసుకుంటారు. పోయడం ఎంత సులభమో తీసేయడం అంత అసాధ్యం కాబట్టి తక్కువతో మొదలుపెట్టడమే మంచిది.

పక్కన టర్కీలో కైమాక్ అనే మందపాటి మీగడ పెడతారు. మంచి కైమాక్ గేదె పాలతోనే చేస్తారు. ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లు అదృష్టవంతులు: చిక్కని గేదె పాలు కాచి, కదపకుండా రాత్రంతా చల్లార్చి తీసిన మందపాటి మీగడ దానికి ఏమాత్రం తీసిపోదు. చక్కెర కలపకుండా పెట్టండి. తాగడానికి పాలు లేని నల్ల టీ.

మీ ఊరిని బట్టి

హైదరాబాద్, విశాఖ, విజయవాడ వంటి నగరాల్లో ఉంటే ఫ్రీజర్ కదాయిఫ్, మోజరెల్లా దిమ్మ, లేత నెయ్యి, నాన్‌స్టిక్ పెనం. మొదటిసారికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు, తాజా ఉండలు రెండోసారికి చూసుకోండి. చిన్న పట్టణంలో అయితే మోజరెల్లా దిమ్మ ఒక్కటీ సంపాదించి, పోగులు ఇంట్లో చేసుకుని నాబ్లుస్ తరహాలో ఒకటే పొర వేయండి. శ్రమ సగానికి తగ్గుతుంది. దుబాయ్, కువైట్, దోహాల్లో ఉన్నవాళ్లు ఉప్పు తీసిన అక్కావీ, తాజా కదాయిఫ్ వాడకపోతే చేతిలో ఉన్న మంచి అవకాశాన్ని వదులుకున్నట్టే. న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లు ఒక శనివారం పాటర్సన్ దాకా వెళ్తే టర్కీ, అరబ్బు దుకాణాల్లో అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి.

అతిథులు వస్తున్న రోజు

కునెఫెను ముందే కాల్చి ఉంచకూడదు. పది పదిహేను నిమిషాలు దాటితే చీజ్ బిగుసుకుంటుంది, పోగులు నానుతాయి. కానీ కాల్చడానికి ముందు పనంతా ఒక రోజు ముందే పూర్తి చేసుకోవచ్చు. పళ్లెంలో పొరలు పరిచి, గట్టిగా నొక్కి, గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. పాకం కాచి సీసాలో పోసుకోండి. భోజనాలు ముగుస్తుండగా పొయ్యి మీద పెడితే అందరూ చేతులు కడుక్కుని వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. పాకం మొత్తం పళ్లెం మీద ఒకేసారి కుమ్మరించకుండా, ఎవరి ముక్కకు వారికి పోయండి. అలా మిగిలిన ముక్కలు పొడిగా ఉంటాయి, మర్నాడు మూతపెట్టిన పెనంలో సన్న సెగన ఐదు నిమిషాలు వేడిచేస్తే చీజ్ మళ్లీ సాగుతుంది, అప్పుడు పాకం పోసుకోవచ్చు. మిగిలిన పచ్చి పోగులను రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, ఒక పూటకు సరిపడా భాగాలుగా ఫ్రీజర్‌లో పెట్టండి.